మనిషి తోడేలు అవుతాడా?

తోడేలు మనకు తెలిసిన జంతువే. మేకల మంద మీద పడుతుంది. దాని సంగతి కాపరులకు ఇంకా బాగా తెలుసు. మరి మనిషే తోడేలుగా మారడం ఎక్కడన్నా ఉందా?

సినిమాల్లో ఉంది. 2022లో 'తోడేలు' అనే సినిమా వచ్చింది. హిందీ 'భేడియా'కు తెలుగు మాటలు పెట్టి తీసుకొచ్చారు. అందులో అడవిలో హీరోని తోడేలు కరుస్తుంది. అప్పటినుంచి రాత్రిపూట అతను తోడేలు అవుతుంటాడు.

సినిమా మాయ

ఇలాంటి కథలతో అమెరికాలో ఎన్నో సినిమాలు వచ్చాయి. 1941లో వచ్చిన 'ది వుల్ఫ్ మ్యాన్' వాటిలో బాగా పేరున్నది. అందులో వెండి పిడి ఉన్న చేతికర్రతో కొడితే తోడేలు మనిషి చస్తాడు. 1943లో దాని తరువాయి కథ వచ్చింది. అందులో నిండు పున్నమి నాడు మారతాడు. వెండి, పున్నమి అనే మాటలు జనంలో బాగా పాకింది ఈ సినిమాల వల్లే.

ముఖం మీద వెంట్రుకలు ఎలా మొలుస్తాయి? నటుడికి జడల బర్రె వెంట్రుకలు కొన్ని అంటిస్తారు. బొమ్మ తీస్తారు. మరికొన్ని అంటించి మళ్లీ తీస్తారు. అన్నీ వరసగా కలిపి చూపిస్తారు. అంతే!

సినిమా భయం హాలు దాటగానే పోతుంది. కానీ ఒకప్పుడు ఇదే భయం మనుషుల ప్రాణాలు తీసింది.

దొరకని బెల్టు

జర్మనీలో కొలోన్ నగరం దగ్గర బెడ్‌బర్గ్ అనే ఊరుంది. అక్కడ 1589లో పీటర్ స్టంప్ అనే మనిషిని పట్టుకున్నారు. తోడేలుగా మారి పిల్లల్నీ పెద్దల్నీ చంపాడని నేరం మోపారు. చిత్రహింస పెట్టబోతే భయపడి ఒప్పుకున్నాడు. సైతాను తనకొక బెల్టు ఇచ్చాడని, అది నడుముకు కట్టుకుంటే తోడేలు అవుతానని చెప్పాడు. దాన్ని ఒక చోట పారేశానన్నాడు.

అధికారులు మనుషుల్ని పంపి వెతికించారు. బెల్టు దొరకలేదు. అప్పుడేమన్నారో తెలుసా? సైతానే వచ్చి తీసుకుపోయి ఉంటాడన్నారు! స్టంప్‌ని ఘోరంగా చంపారు. అతని కూతుర్నీ, మరో స్త్రీనీ కూడా చంపారు. ఈ సంగతులు 1590లో లండన్‌లో ఒక చిన్న పుస్తకంగా అచ్చయ్యాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. బెల్టు దొరికితే అది రుజువు. దొరక్కపోతే అదీ రుజువే! ఇక ఆ మనిషి బయటపడేదెట్లా?

బతికిన పిల్లవాడు

ఇది జరిగిన 14 ఏళ్లకు, 1603లో, ఫ్రాన్సు దేశంలో గ్రెనియే అనే కుర్రవాడిని పట్టుకున్నారు. తోడేలు తోలు కప్పుకొని తోడేలునవుతానని అతనే చెప్పుకున్నాడు. కేసు బోర్డో నగరంలోని పెద్ద కోర్టుకు వెళ్లింది. కోర్టు అతని మాటల్ని పట్టుకోలేదు. అతని తెలివి ఎంతో చూసింది. ఇతనికి బుద్ధి ఎదగలేదంది. చంపకుండా మఠంలో ఉంచమంది.

తాను జంతువునయ్యానని అనుకోవడం ఒక అరుదైన మనోవ్యాధి అని ఇప్పటి డాక్టర్లు చెబుతారు. ఒళ్లు మారదు. ఆలోచన మారుతుంది. అందుకు వైద్యం ఉంది.

మరి మన ఊళ్లో?

మన దగ్గర చేతబడి, బాణామతి అనే మాటలున్నాయి. బిడ్డకు జబ్బు చేస్తుంది. గొడ్డు చస్తుంది. వెంటనే ఎవరో ఒకరిని చూపించి "వాళ్లే చేశారు" అంటారు. దిక్కులేని ముసలమ్మ అయితే అడిగేవాళ్లుండరు. ఆమె ఇంటిదగ్గర నిమ్మకాయ దొరికితే రుజువంటారు. దొరక్కపోతే మాయం చేసిందంటారు. ఇదీ ఆ బెల్టు కథే కదా! ఇలాంటి అనుమానాలతో మనుషుల్ని కొట్టారు, చంపారు కూడా.

జబ్బుకు ఆసుపత్రి ఉంది. నేరానికి కోర్టు ఉంది. పదిమంది అన్నంత మాత్రాన అబద్ధం నిజం కాదు. గుంపు మనిషి మీద పడేటప్పుడు ఒక్కరైనా "రుజువేది?" అని అడగాలి. ఆ ఒక్కరు మనమే కావచ్చు.

కొత్త మాటలు
రుజువు - నిజమని చూపే ఆధారం
చిత్రహింస - ఒప్పించడానికి పెట్టే బాధ
మనోవ్యాధి - మనసుకు వచ్చే జబ్బు

చెప్పండి చూద్దాం
1. బెల్టు దొరకనప్పుడు అధికారులు ఏమన్నారు?
2. బోర్డో కోర్టు కుర్రవాడిని ఎందుకు చంపించలేదు?
3. మీ ఊళ్లో ఎవరి మీదైనా ఇలాంటి నింద వేస్తే మీరేం చేస్తారు?