చెవిపోటుకి ఎన్ని అంకెలు?

ఎండాకాలం వచ్చిందంటే అమెరికాలో పిల్లలున్న ఇళ్ళల్లో ఈతకొలనులూ, వాటి వెనకే చెవిపోట్లూ మామూలే. డాక్టరు చెవిలోకి తొంగి చూసి చుక్కల మందు రాసి పంపిస్తాడు. ఆ తర్వాత వచ్చే బిల్లులో ఎక్కడో ఒక మూల "హెచ్60.331" అని ఉంటుంది. మనం దాన్ని పట్టించుకోం. ఇన్సూరెన్సు కంపెనీ కంప్యూటరు మాత్రం జబ్బేమిటో తెలుసుకునేది దాన్ని చూసే.

మనవాళ్ళలో చాలామంది ఇక్కడ ఆసుపత్రుల సాఫ్ట్‌వేరు రాస్తున్నారు. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ పెద్ద ఉద్యోగరంగం. అందుకని ఈసారి ఒక చిన్న చెవి జబ్బుని తీసుకుని, ఈ కోడ్ల సంగతేమిటో చూద్దాం. మధ్యలో నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను.

కోడుని విడదీస్తే

అమెరికాలో జబ్బుల కోడ్లకి 2015 అక్టోబరు 1 నుంచి ఐసిడి-10-సిఎమ్ అనే పట్టిక వాడుతున్నారు. అంతకుముందు వాడిన ఐసిడి-9లో సుమారు 14 వేల కోడ్లుండేవి. కొత్తదానిలో దాదాపు 70 వేలు. జబ్బులేమీ అయిదింతలు కాలేదు, జబ్బు గురించి చెప్పాల్సిన వివరాలు పెరిగాయి. ఏ పక్క, కుడా ఎడమా అన్నది వాటిలో ముఖ్యమైనది.

ఇప్పుడు హెచ్60.331ని ముక్కలు చేద్దాం.

హెచ్60: ఓటైటిస్ ఎక్స్‌టర్నా. అంటే కర్ణభేరికి ఇవతల, బయటి చెవిలో వాపు.
హెచ్60.3: అందులో సూక్ష్మజీవుల వల్ల వచ్చే రకాలు.
హెచ్60.33: వాటిలో "స్విమ్మర్స్ ఇయర్".
చివరి 1: కుడిచెవి. 2 అయితే ఎడమ, 3 అయితే రెండూ, 9 అయితే ఏ చెవో డాక్టరు రాయలేదని.

పాత పట్టికలో దీనికి 380.12 ఒక్కటే ఉండేది. ఏ చెవి అన్న ప్రశ్నే లేదు. పాత కోడ్లని కొత్తవాటిలోకి మార్చడానికి ప్రభుత్వం ఇచ్చిన జెమ్స్ పట్టికలో 380.12కి ఎదురుగా హెచ్60.339 ఉంటుంది. పాత రికార్డులో లేని సమాచారాన్ని ఏ ప్రోగ్రామూ పుట్టించలేదు కదా!

సూత్రం కడితే బోల్తా

ప్రోగ్రామరుకి చేయి ఊరుకోదు. "ఏ చెవో తెలియదు" అన్నదానికి హెచ్60.339లో ఆరో స్థానంలో 9 ఉంది. రకం కూడా తెలియని హెచ్60.90లో అదే మాటకి ఐదో స్థానంలో 0 ఉంది. సరే, ఆరో స్థానమైతే 9, ఐదో స్థానమైతే 0 అని రెండు లైన్ల కోడు రాసేద్దామనిపిస్తుంది. ఆగండి. ఉత్త చెవిపోటుకి, ఏ చెవో తెలియకపోతే, హెచ్92.09. ఐదో స్థానంలోనే 9! దాని పక్కనే ఉన్న చెవి కారడానికి మళ్ళీ హెచ్92.10.

కాబట్టి కోడుని సూత్రంతో తయారు చేయకూడదు, పట్టికలో వెతకాలి. అదీ ఏ పట్టికలో? మార్పులు ఏటా అక్టోబరు 1న అమల్లోకి వస్తాయి. రోగి డాక్టరు దగ్గరికి వెళ్ళిన తేదీన ఏది అమల్లో ఉందో అందులో. బిల్లు పంపిన తేదీతో పని లేదు.

పేరు చూసి మోసపోతే

ఇక నా పొరపాటు. 2014లో ఒక ఆసుపత్రిలో పాత రికార్డుల మీద పనిచేస్తున్నాను. కాన్సరు రోగుల జాబితా కావాలన్నారు, వాళ్ళకి ఉత్తరాలు పంపడానికి. వివరణలో "మాలిగ్నెంట్" అన్న మాట ఉన్న కోడ్లన్నీ ఏరాను. మాలిగ్నెంట్ రక్తపోటు అనేది ఒకటుందని తెలుసు కనుక దాన్ని తీసేశాను. చాలా తెలివిగా చేశాననుకున్నాను.

జాబితా సరిచూసిన నర్సు ఒక వరుస మీద వేలు పెట్టి, "ఈ పెద్దాయనకి కాన్సరెక్కడిది? చెవిలో ఇన్‌ఫెక్షను కదా!" అంది. కోడు 380.14, మాలిగ్నెంట్ ఓటైటిస్ ఎక్స్‌టర్నా. కొత్త పట్టికలో హెచ్60.2 కిందకి వస్తుంది. ఇది కాన్సరు కాదు. ఎక్కువగా వయసు మళ్ళిన మధుమేహ రోగుల్లో సూడోమొనాస్ అనే బాక్టీరియా చెవి నాళం నుంచి పుర్రె అడుగు ఎముకలోకి పాకే జబ్బు. ప్రాణం మీదికి తేగలదు కనుకనే ఆ పేరు. ఉత్తరాలు మర్నాడే వెళ్ళాల్సి ఉంది. ఆ ఇంట్లో ఎవరైనా ఆ కవరు విప్పి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. రిపోర్టు క్లుప్తంగా ఉంటుందని మొదటి మూడు స్థానాలే ఉంచి "హెచ్60" అని కలిపేస్తే, ఈతకొలనులో ఆడుకున్న పిల్లవాడూ ఆ పెద్దాయనా ఒకే వరుసలో పడతారు. వారానికి తగ్గిపోయేదీ, వారాల తరబడి మందులు వాడాల్సిందీ ఒకటే అయిపోతాయి.

డాక్టరు రాయనిది

డాక్టరు "అక్యూట్ ఓటైటిస్ ఎక్స్‌టర్నా" అని మాత్రమే రాస్తే, అకారాది సూచిక హెచ్60.50 వైపు చూపిస్తుంది. అది ఇన్‌ఫెక్షను లేని రకం! "ఇన్‌ఫెక్టివ్" అన్న ఒక్క మాట ఉంటే హెచ్60.3 కిందకి వెళ్ళేది. మందు చూసి కోడరు ఊహించి వేయకూడదు, డాక్టరునే అడగాలి. అలాగే క్లినిక్కులో "ఓటైటిస్ అని అనుమానం" అని రాస్తే జబ్బు కోడు వేయకూడదు. బాధ ఏదైతే అదే వేయాలి. కుడిచెవి పోటైతే హెచ్92.01, అంతే.

ఈసారి బిల్లు వచ్చినప్పుడు ఆ కోడు చివరి అంకె ఒకసారి చూడండి. నొప్పి ఎడమచెవికైతే అక్కడ 1 ఉండకూడదు. తేడా కనిపిస్తే డాక్టరు ఆఫీసుకి ఫోను చేసి, రికార్డు చూసి సరిచేయమని అడగండి. చెవిపోటు నాలుగు రోజుల్లో పోతుంది, కోడు మాత్రం మన రికార్డులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.