కొత్త కుర్రాడికి కొలతలు నేర్పేటప్పుడు

సైట్‌లో కొత్తగా చేరిన కుర్రాడి చేతికి టేపు ఇచ్చి "ఆ రూమ్ గోడల ఏరియా తీసుకురా" అని పంపేస్తాం. డిప్లొమానో ఐటీఐనో చేసి వచ్చినవాడే కాబట్టి చుట్టుకొలత, వైశాల్యం, ఘనపరిమాణం అన్నీ చదివే ఉంటాడు. అతను తెచ్చిన అంకె పెయింటర్ బిల్లులోకి ఎక్కుతుంది, కింద మీరు సంతకం పెడతారు. తర్వాత తేడా బయటపడితే అడిగేది ఆ కుర్రాణ్ణి కాదు, సంతకం పెట్టినవాణ్ణి. కాబట్టి కొలతలు నేర్పడాన్ని తీరిక దొరికితే చేసే సాయంగా చూడకండి. అది మీ పనిలో భాగం.

ఒక మామూలు రూమ్ తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. నాలుగు గోడల ఏరియాకి సూత్రం అందరికీ తెలుసు: 2 × (పొడవు + వెడల్పు) × ఎత్తు. సరైన జవాబు 440 చదరపు అడుగులు. ఇప్పుడు కుర్రాడు బ్రాకెట్ వదిలేసి 2 × 12 + 10 × 10 అని నొక్కాడనుకోండి. షాపుల్లో వాడే మామూలు క్యాలిక్యులేటర్ నొక్కింది నొక్కినట్టు వరసగా చేసుకుపోతుంది కాబట్టి 340 చూపిస్తుంది. అదే ఫోన్‌లో నొక్కితే ముందు గుణకారాలు చేసి, తర్వాత కూడి 124 చూపిస్తుంది. రూమ్ ఒకటే, సూత్రం ఒకటే, జవాబులు మూడు. 124 చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 340 చూస్తే రాదు. అది నేరుగా బిల్లులోకి వెళ్ళిపోతుంది, పెయింటర్ 100 అడుగుల కూలి పోగొట్టుకుంటాడు, మరుసటి రోజు పనికి రాడు.

ఇక్కడ చాలామంది సీనియర్లు "బాడ్‌మాస్ మర్చిపోయావా?" అని కసురుతారు. అతను మర్చిపోలేదు. బడిలో వల్లె వేశాడు, పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాడు. బోర్డు మీద బ్రాకెట్ వేసి ఇచ్చిన లెక్క చేయడం వేరు, ఖాళీ రూమ్‌లో నిలబడి ఆ బ్రాకెట్ ఎక్కడ రావాలో తనే తేల్చుకోవడం వేరు. రెండోది అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకని సూత్రం చెప్పేముందు గోడ చూపించండి. "ఈ గోడ 12, పక్క గోడ 10, ఎదురుగా మళ్ళీ ఈ రెండే. అంటే చుట్టూ 44 అడుగుల గోడ. ఆ 44 అడుగులూ 10 అడుగుల ఎత్తు లేచింది." ఇలా చెప్తే కూడికే ముందు రావాలని అతనికే తెలుస్తుంది. మనం ముందు చేయదలచుకున్న పని చుట్టూ వేసే గుర్తే బ్రాకెట్ అని ఒక్కసారి అర్థమైతే, ఇక సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

బాడ్‌మాస్ వల్లె వేసినవాళ్ళలో ఇంకో పొరపాటు ఉంటుంది. అందులో కూడిక అక్షరం తీసివేత కన్నా ముందుంది కాబట్టి కూడికే ముందు చేయాలనుకుంటారు. భాగహారం, గుణకారం విషయంలోనూ అంతే. నిజానికి కూడిక, తీసివేత ఒకే స్థాయి, గుణకారం, భాగహారం ఒకే స్థాయి. ఒకే స్థాయివి ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోవాలి. 24 − 4 + 2 అంటే 22, 18 కాదు.

సైట్‌లో దీని దెబ్బ ఎక్కువగా తలుపులు, కిటికీలు తీసేసేటప్పుడు తగులుతుంది. మన రూమ్‌లో 3 × 7 తలుపు ఒకటి, 4 × 4 కిటికీ ఒకటి ఉన్నాయి. 440 లోంచి 21 పోవాలి, 16 కూడా పోవాలి. మిగిలేది 403. కుర్రాడు 440 − (21 − 16) అని రాస్తే 435 వస్తుంది. తీసివేత బ్రాకెట్ లోపల కూడా తీసివేత గుర్తే వేశాడు, దాంతో కిటికీ పోవాల్సింది పోయి తిరిగి కలిసింది. ఎక్సెల్‌లో ఇలాంటి ఫార్ములా ఒక్కసారి రాసి 40 వరసలు కిందికి లాగితే తప్పు 40 రూములకూ పాకుతుంది, పైగా షీట్ చూడటానికి శుభ్రంగా ఉంటుంది. అందుకే షీట్ ఇచ్చేముందు మొదటి వరసను అతనిచేత కాగితం మీద చేయించండి. రెండూ కలిసాకే లాగనివ్వండి.

అడుగులు, అంగుళాల సంగతి మీద ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే నాకు తెలిసి సైట్‌లో అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. 10 అడుగుల 10 అంగుళాలను కొత్తవాళ్ళు 10.10 అని నొక్కుతారు. అడుగుకి అంగుళాలు 12, పది కాదు. 10 అంగుళాలంటే 10 ÷ 12, అంటే 0.83 అడుగు. కాబట్టి నొక్కాల్సింది 10.83. 10 అడుగుల 10 అంగుళాల పొడవు, 12 అడుగుల 11 అంగుళాల వెడల్పు ఉన్న రూమ్‌ని 10.10 × 12.11 అని నొక్కితే 122 వస్తుంది. అసలు ఏరియా దాదాపు 140 చదరపు అడుగులు. 2 × 2 టైల్స్ నాలుగుండే బాక్స్ 16 చదరపు అడుగులకు వస్తుంది. అంటే ఒక్క రూమ్‌లోనే ఒక బాక్స్‌కి పైగా తక్కువ తెప్పించినట్టు. మళ్ళీ తెప్పిస్తే అదే బ్యాచ్, అదే షేడ్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. 3 అంగుళాలు 0.25, 6 అంగుళాలు 0.5, 9 అంగుళాలు 0.75. ఈ మూడూ నోటికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. మిగతావి 12తో భాగించుకుంటాడు.

యూనిట్లు మార్చేటప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది. మీటరుకి 3.28 అడుగులని అందరికీ గుర్తుంటుంది. 40 చదరపు మీటర్లను 3.28తో గుణించి 131 చదరపు అడుగులు అనేస్తారు. ఏరియా రెండు వైపులా పెరుగుతుంది కాబట్టి 3.28ని రెండుసార్లు గుణించాలి, అంటే 10.76. జవాబు 430. గజం మూడు అడుగులు, చదరపు గజం తొమ్మిది చదరపు అడుగులు. ఇది నేల మీద సుద్దతో గీసి, గళ్ళు లెక్కపెట్టించండి. ఒకసారి లెక్కపెట్టినవాడు మళ్ళీ తప్పు చేయడం అరుదు.

గుండ్రటి సంపు దగ్గరికి వద్దాం. డయా 6 అడుగులు, లోతు 7. పుస్తకంలో సూత్రం వ్యాసార్థంతో ఉంటుంది, సైట్‌లో టేపుకి దొరికేది డయా. తప్పు అక్కడే మొదలవుతుంది. వ్యాసార్థం బదులు డయా వేస్తే అడుగు భాగం ఏరియా 28 రావాల్సింది 113 వస్తుంది, నాలుగింతలు. ఇంకొందరు 3.14 × 3 చేసి, వచ్చినదాన్నంతా వర్గం చేస్తారు, 88 పైన వస్తుంది. వర్గం గుర్తు దేని నెత్తిన ఉందో దానికే చెందుతుంది, దాని ముందున్న 3.14కి కాదు. ఈ రెండు తప్పులకూ నేను చెప్పే విరుగుడు ఒకటే. వృత్తం చుట్టూ 6 × 6 చదరం గీయించండి. దాని ఏరియా 36. లోపలున్న వృత్తం 36 దాటడం జరగని పని. అందులో సుమారు 78.5 శాతం, అంటే 0.785 వంతు, వృత్తం ఆక్రమిస్తుంది. కాబట్టి 6 × 6 × 0.785 × 7, దాదాపు 198 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున సుమారు 5,600 లీటర్లు. డయాని సగం చేసే పనే లేదు, తప్పే అవకాశమూ తగ్గుతుంది.

స్టీలు బరువుకి మనం వాడే "డయా × డయా ÷ 162" లో ఉన్నదీ ఈ లెక్కే. ఆ 0.785ని, ఘనపు మీటరుకి 7,850 కిలోల ఉక్కు బరువుని, మిల్లీమీటర్లను మీటర్లుగా మార్చడాన్ని కలిపి ఒక అంకెగా కుదించారు. ఇది చెప్తే 8 ఎంఎం రాడ్డు మీటరుకి 0.395 కిలో ఉంటే 16 ఎంఎం ఎందుకు 0.79 కాకుండా 1.58 ఉంటుందో అతనికి తెలుస్తుంది. లోడు దిగేటప్పుడు వేబ్రిడ్జ్ స్లిప్ చూసి ప్రశ్న అడగగలిగేది అది తెలిసినవాడే.

తప్పు దొరికినప్పుడు మేస్త్రి ముందు దిద్దకండి. కూలీల ఎదుట పరువు పోయిన కుర్రాడు తర్వాత అనుమానం వచ్చినా అడగడు, తోచింది రాసేస్తాడు. పక్కకి పిలిచి, క్యాలిక్యులేటర్ ముట్టకుండా ఉజ్జాయింపు చెప్పమనండి. "చుట్టూ 44 అడుగులు, ఎత్తు 10. నాలుగొందల పైచిలుకు రావాలి, నీకెంత వచ్చింది?" తన తప్పు తనే పట్టుకునే అవకాశం ఇవ్వండి.

లెక్క రాయడంలో ఎం-బుక్ పద్ధతిని మొదటి రోజు నుంచే అలవాటు చేయండి, ప్రైవేటు పనైనా సరే. సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు, క్వాంటిటీ అని గడులు. మన రూమ్ అయితే మొదటి వరసలో 2, 12, 10 వేసి 240. రెండో వరసలో 2, 10, 10 వేసి 200. తలుపు, కిటికీ విడివిడి వరసల్లో మైనస్ 21, మైనస్ 16. మొత్తం 403. ఒక్కో వరసలో గుణకారమే ఉంటుంది, కూడికలూ తీసివేతలూ చివరి గడిలో జరుగుతాయి, బ్రాకెట్ అవసరమే పడదు. ఏ తలుపు ఎంత తీసేశారో మేస్త్రికీ కనిపిస్తుంది. ఎంత సైజు దాటిన ఖాళీలను తీసేయాలన్నది మాత్రం మీ వర్క్ ఆర్డర్‌లో చూసి కుర్రాడికి ముందే చెప్పండి. ఆ నియమం పనికో రకంగా ఉంటుంది, అది లెక్కల పుస్తకంలో దొరకదు.

టేపు మీద చూసిన అంకెను చూసినట్టే, అడుగులు, అంగుళాల్లోనే రఫ్ బుక్‌లో రాయించండి. దశాంశంలోకి మార్చేది తర్వాత. మార్చిన అంకె ఒక్కటే రాసి ఉంటే 10.1 అన్నది 10 అడుగుల 1 అంగుళమో, 10 అడుగుల 10 అంగుళాలో నెల తర్వాత ఎవరూ చెప్పలేరు. సంతకం పెట్టేముందు షీట్‌లోంచి ఏదో ఒక రూమ్ ఎంచుకుని, రఫ్ బుక్ చేత్తో పట్టుకుని, మీరే టేపు వేసి చూడండి. ఆ ఒక్క రూమ్ కలవకపోతే మొత్తం షీట్ వెనక్కి ఇచ్చేయండి, బిల్లు ఒక రోజు ఆలస్యమైనా పర్లేదు.