తెర చదివే గొంతు

హైదరాబాదులోని మలక్‌పేటలో వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ కార్యాలయమున్నది. నేడు ఉపకార వేతనాల దరఖాస్తులు అంతర్జాలంలోనే నింపాలి. చూపులేని విద్యార్థి వాటినెట్లు నింపగలడు? తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాధనాలున్నవి. వాటిలో ఎన్.వి.డి.ఎ.ను 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ప్రారంభించాడు; ఆయనా చూపులేనివాడే. దానిని ఉచితంగా పొందవచ్చు.

అయితే దానికి అక్షరం కావాలి. ప్రకటనను స్కాన్ చేసి, వివరణ జోడించక బొమ్మగా పెడితే అది మూగపోతుంది. తెలుగుకు మరొక చిక్కు: యూనికోడ్ కాని పాత ఫాంట్లలోని వాక్యం కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంలేని ఆంగ్లాక్షరాల గుంపు.

ఎలక్ట్రానిక్ సమాచారం వికలాంగులకు అందుబాటులో ఉండేట్లు ప్రభుత్వాలు చూడాలని 2016 నాటి చట్టం ఆదేశించింది. బొమ్మకు ఒక్క వాక్యపు వివరణ చేర్చడం నిమిషం పని. అది లేనిచోట ఆ విద్యార్థి మరొకరిని బతిమాలుకొని, తన బ్యాంకు ఖాతా వివరాలను వారికి చెప్పుకోవలసిందే.