మాయామాళవగౌళలో తోడి ఎలా వచ్చింది?

వీణ మొదలుపెట్టిన కొత్తలో మొదటి కాలం నాకు పరమ బోర్. సరళీ వరుసలు నేరుగా మూడో కాలంలో వాయించేసేవాణ్ణి.

మాయామాళవగౌళలో సారణి తీగ మీద రి మొదటి మెట్టు, గ నాలుగో మెట్టు. మధ్యలో రెండు మెట్లు దాటాలి. స్పీడ్‌లో నా వేలు మూడో మెట్టు మీదే ఆగిపోయేది. అంటే అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం! గురువుగారు విని, "తోడి ఎప్పుడు నేర్పాను నాయనా?" అన్నారు.

మజిల్ మెమరీ అంటాం గానీ, గుర్తుపెట్టుకునేది కండరాలు కాదు, మెదడు. దానికి తప్పొప్పులతో పని లేదు. ఏది ఎక్కువసార్లు చేస్తే అదే అలవాటు చేసుకుంటుంది (బగ్ ఉన్న కోడ్‌నే కాపీ పేస్ట్ చేసుకుంటూ పోయినట్టు). రోజూ గంటసేపు, ఎంతో శ్రద్ధగా, నేను తప్పునే సాధన చేశాను.

సరిదిద్దుకోడానికి రెండు నెలలు పట్టింది. మెట్రోనోమ్ 40 మీద పెట్టి, ఒక్కో దెబ్బకి ఒక్కో స్వరం. వరసగా పదిసార్లు తప్పు లేకుండా వస్తేనే 44. ఒక్కసారి తప్పినా మళ్లీ వెనక్కే.

దసరాకి అమ్మమ్మ ముందు కీర్తన వాయిద్దామనుకున్నా, కుదరలేదు. సరస్వతీ పూజ రోజు ఒక్క సరళీ వరుస, మొదటి కాలంలో వాయించాను. "ఇంకోసారి వాయించరా" అంది.