ఎరువు బస్తాలో పోవుచున్న డబ్బు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో సంసారమునకు నాలుగు రూపాయలు అదనముగా కావలసినప్పుడు ఇంటి ఆడవారు బీడీల చాట ముందు పెట్టుకొని కూర్చుండుట మనము ఎరిగినదే. పగలు నాట్లు, కలుపులు. చీకటి పడిన తరువాత బీడీలు. ఇంకొక పని నెత్తిన వేసుకొనుటకు ముందు, ఇప్పుడు వేయుచున్న ఎరువులో అక్కరలేనిది ఎంత ఉన్నదో ఒక్కసారి లెక్క చూడుడు. ఈ లెక్క కుదిరినచో పని పెరుగదు సరి కదా, ఒక బస్తా మోసి చల్లు శ్రమ కూడ తగ్గును.

యాసంగి వరికి ఎకరమునకు సుమారు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 16 కిలోల పొటాష్ సరిపోవును. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరము కలదు. అనగా ఆఖరి దమ్ములో ఒక బస్తా వేసితిరేని ఆ పంటకు కావలసిన భాస్వరము దాదాపు అంతయు వేసినట్లే. అయినను పిలకలు పెట్టు దశలో మరల 20-20-0-13 బస్తా తెచ్చి పైపాటుగా చల్లువారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు.

"అది చల్లినచో పైరు నల్లబడుచున్నది గదా" అందురు. నిజమే. కాని నల్లబరచినది అందులోని నత్రజని మాత్రమే. ఆ బస్తాలో నత్రజని 10 కిలోలు ఉండును. 45 కిలోల యూరియా బస్తాలో సగము వేసినను అంతే నత్రజని అందును. యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. అందులో సగము 133 రూపాయలు. కాంప్లెక్సు బస్తాకు మీరు ఇచ్చిన ధర రసీదులోనే ఉన్నది; వెయ్యికి పైమాటే. తేడా మీరే తీయుడు. ఆ సొమ్ము సంపాదించుటకు మీ ఊరి కూలి రేటున ఎన్ని వేల బీడీలు చుట్టవలెనో కూడ లెక్కించుడు. నాలుగెకరముల రైతు అయినచో నాలుగింతలు.

మరి బస్తాలోని భాస్వరము ఏమగును? యూరియా వలె అది నీటితో కదలదు. పైన చల్లినది పైననే నిలిచి మట్టితో బిగిసిపోవును, వేరు దగ్గరకు చేరదు. దమ్ములో వేసినదానిలోనే పైరు ఆ కాలములో తీసుకొనునది నాలుగింట ఒక వంతుకు మించదు. మిగిలినది నేలలో పేరుకొనును. కాలువ క్రింద ఏటా రెండు కార్లు వరి వేయు పొలములలో ఇట్లు కొన్నేండ్లుగా చేరినది తక్కువేమీ కాదు. పసుపుకు దండిగా ఎరువు పెట్టిన చేలలోను ఇదే తీరు.

నష్టము అంతటితో పోదు. భాస్వరము మితి మీరిన నేలలో వరికి జింకు అందదు. నాటిన రెండు, మూడు వారములకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారును. అప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున కలిపి, 5 రోజుల ఎడముతో రెండు మూడుసార్లు పిచికారీ చేయవలసి వచ్చును. అక్కరలేని ఎరువుకు ఒకసారి, అది తెచ్చిన లోపమునకు మరొకసారి డబ్బు ఇచ్చుట ఎంతటి తెలివి? యూరియాను సైతము మోతాదు మించి వేసినచో సుడిదోమ విజృంభించును, మందు ఖర్చు మీద పడును. కనుక కాంప్లెక్సు మానితిమని యూరియా రెట్టింపు చేయరాదు.

గంధకము సంగతి వేరు. 20-20-0-13 లో గంధకము కూడ ఉన్నమాట వాస్తవము. మీ నేలలో గంధకము తక్కువని తేలినచో, డి.ఎ.పి.కి బదులుగా దమ్ములో సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వాడుడు. భాస్వరము, గంధకము రెండును అందును.

నేలలో ఏమున్నదో తెలియుటకు మట్టి పరీక్ష కావలెను. యాసంగి కోత అయిన తరువాత, ఎరువు తోలక ముందు తీయవలెను. ఎకరములో 8, 10 చోట్ల పారతో 'వి' ఆకారమున జానెడు లోతు గుంట తీసి, అంచు వెంట పైనుండి క్రిందికి పలుచగా మట్టి చెక్కుడు. గట్ల ప్రక్కన, చెట్ల క్రింద, పెంట కుప్ప వేసిన చోట తీయరాదు. అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు తీసివేయుచు అరకిలో మిగుల్చుడు. నీడన ఆరబెట్టి మీ వ్యవసాయ విస్తరణాధికారికి అప్పగింపుడు. భాస్వరము అధికమని ఫలితము వచ్చినచో మోతాదులో 30 శాతము తగ్గింపవచ్చును. అట్టి నేలలో బిగిసియున్న భాస్వరమును కరిగించు జీవన ఎరువును పశువుల ఎరువుతో కలిపి వేయుట మంచిది. సందేహములున్నచో జగిత్యాల దగ్గర పొలాసలోని పరిశోధనా స్థానమువారిని అడుగుడు.

యూరియా కావలెనన్న కాంప్లెక్సు కూడ కొనవలెనని దుకాణములో పట్టుబట్టినచో ఆ మాట వ్యవసాయాధికారికి చెప్పుడు. అప్పు మీద తెచ్చువారికి ఇది కష్టమే. కాని ఆ బస్తాకు వడ్డీ కట్టునదియు వారే.

మా మాట మీద పొలమంతా మార్చనక్కరలేదు. ఈ యాసంగిలో ఒకే కాలువ, ఒకే విత్తనము, ఒకే నాటు ఉన్న రెండు మడులు ఎంచుకొనుడు. ఒకదానికి మీ అలవాటు చొప్పున, రెండవదానికి కాంప్లెక్సు మాని సగము బస్తా యూరియా లెక్కన వేయుడు. వడ్లు కలుపక, విడివిడిగా తూచుడు.