బడి గంట – స్టిరాయిడ్ మందు

2021 వేసవిలో కరోనా రెండో విడత వచ్చినప్పుడు మన పేరాలలో ప్రతి ఇంటా వినిపించిన మాట ‘స్టిరాయిడ్’. కొందరిని ఆ మందు బతికించింది. కొందరికి ఇచ్చినా ఫలితం లేకపోయింది. ఎందుకు? బడిలో పిల్లలకు చెప్పినట్లే చెబుతాను.

మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న అడ్రినల్ గ్రంథులుంటాయి. పెద్ద జబ్బు చేస్తే మెదడు నుంచి కబురు అంది, అవి కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతాయి. రక్తపోటు నిలబెట్టడం, శక్తికి చక్కెర అందించడం, వాపును అదుపు చేయడం దాని పని. స్టిరాయిడ్ మందులు చేసేదీ దాదాపు ఇదే.

కార్టిసాల్‌ను బడి గంట అనుకోండి. కణాల్లో ఆ గంటను వినే చెవులున్నాయి, వాటిని గ్రాహకాలంటారు. ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా పాకితే ఈ చెవులు తగ్గిపోవచ్చు, మొద్దుబారవచ్చు. గంట మోగుతుంది, తరగతి కదలదు. ఇదే స్టిరాయిడ్ నిరోధకత. మందు పని చేయకపోవడానికి ఇదొక కారణం. కొందరిలో అసలు గంటే సరిగా మోగదు.

గంట ఇంకా గట్టిగా కొడితే? ఇన్‌ఫెక్షన్ ముదిరిన రోగులకు భారీ మోతాదులిస్తే మేలు లేదని 1987లోనే అమెరికా పరిశోధనలు తేల్చాయి. 2020లో బ్రిటన్‌లోని ‘రికవరీ’ పరిశోధనలో కరోనా రోగులకు డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములే, 10 రోజులకు మించకుండా ఇచ్చారు. వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనబడలేదు. అతిగా వాడి, షుగరు అదుపు తప్పితే బ్లాక్ ఫంగస్ ఎలా కాటేస్తుందో 2021లో చూశాం.

మరో సంగతి. నొప్పులకు, ఆయాసానికి నెలల తరబడి స్టిరాయిడ్ వాడితే సొంత గ్రంథి మందగిస్తుంది. మందు హఠాత్తుగా మానినా, ఆ స్థితిలో పెద్ద జబ్బు చేసినా ప్రాణం మీదికి వస్తుంది. మగ్గం గుంటలో కూర్చుని నడుం పట్టేసిన నేత కార్మికుడికి తనకు వేసిన ఇంజెక్షన్ పేరేమిటో తెలియకపోవచ్చు.

అందుకే దాతలకు నా మనవి. మీ సాయంలో కొంత షుగరు పరీక్ష మిషన్లకు, స్ట్రిప్పులకు, పేద రోగులు మందుల చీటీలు దాచుకునే ఫైళ్లకు కేటాయించండి. ఫైలు ఖరీదు కొద్ది రూపాయలే. రోగి మాట్లాడలేని వేళ, ఏ మందులు వాడాడని డాక్టరు అడిగితే జవాబు చెప్పేది ఆ ఫైలే.