గబ్బిలాన్ని ఏ జాబితాలో రాయాలి?



"గబ్బిలం పక్షియా, జంతువా?" అని తరగతిలో అడిగితే సగం చేతులు ఒకవైపు, సగం చేతులు ఇంకోవైపు లేస్తాయి. అసలు ప్రశ్నలోనే ఒక చిక్కుంది. పక్షి కూడా జంతువే! ఈగ, చేప, కప్ప, పాము, మనిషి అన్నీ జంతురాజ్యంలోనివే. కాబట్టి ప్రశ్నను ఇలా మార్చుకోవాలి: సకశేరుకాలలో గబ్బిలం పక్షుల విభాగానికి చెందుతుందా, క్షీరదాల విభాగానికి చెందుతుందా?

క్షీరదాల విభాగానికే. గబ్బిలం గుడ్డు పెట్టదు, పిల్లను కంటుంది, పాలిచ్చి పెంచుతుంది. ఒంటిమీద ఈకలు ఉండవు, వెంట్రుకలు ఉంటాయి. ముక్కు ఉండదు గానీ నోటినిండా పళ్లుంటాయి (ఇక్కడ ముక్కు అంటే పక్షి ముక్కు అని అర్థం చేసుకోండి). బయటికి కనిపించే చెవి దొప్పలు ఉంటాయి. ఇంటర్‌లో బై.పి.సి. తీసుకునేవాళ్లకు మరో గుర్తు. పక్షి ఎర్రరక్తకణంలో కేంద్రకం ఉంటుంది, గబ్బిలం రక్తకణంలో మన రక్తకణంలో లాగే ఉండదు. ఇన్ని లక్షణాలు ఒకవైపు ఉంటే, రెండోవైపు ఉన్నది ఒక్కటే, ఎగరడం.

ఆ ఎగిరే రెక్కనైనా కాస్త పరిశీలించండి. పక్షి రెక్కలో వేళ్లు కుదించుకుపోయి, ఈకలే రెక్కగా పనిచేస్తాయి. గబ్బిలం రెక్క అంటే దాని చెయ్యే. భుజం ఎముక, ముంజేయి, మణికట్టు, అయిదు వేళ్లు అన్నీ ఉంటాయి. బొటనవేలు పొట్టిగా, గోరుతో విడిగా ఉంటుంది. మిగిలిన నాలుగు వేళ్లు బాగా పొడవు పెరిగి, వాటి మధ్య పలుచని చర్మం గొడుగు గుడ్డలా సాగి ఉంటుంది. మన చెయ్యి, గబ్బిలం రెక్క నిర్మాణ సామ్య అవయవాలు. గబ్బిలం రెక్క, సీతాకోకచిలుక రెక్క క్రియా సామ్య అవయవాలు. పదో తరగతివాళ్లు ఈ రెండు ఉదాహరణలూ గుర్తుంచుకుంటే చాలు. ఎగిరే ఉడుత చెట్టు మీదనుంచి చెట్టు మీదికి జారుతుందే తప్ప రెక్కలాడించి ఎగరలేదు. క్షీరదాల్లో నిజంగా ఎగరగలిగేవి గబ్బిలాలు మాత్రమే.

ఈ సంగతి తేలడానికి మనుషులకు చాలా కాలం పట్టింది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ గబ్బిలాన్ని పక్షులకూ నాలుగు కాళ్ల జంతువులకూ మధ్యన నిలబెట్టాడు. బైబిల్ లేవీయకాండంలో తినకూడని పక్షుల వరుసలో చివరి పేరు గబ్బిలమే. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో తన గ్రంథం పదో కూర్పులో దాన్ని ఎక్కడ పెట్టాడో తెలుసా? కోతులతో, మనిషితో కలిపి ప్రైమేట్ల క్రమంలో! రొమ్ము మీద రెండు చనులు, పైదవడలో నాలుగు ముందుపళ్లు అన్నవి ఆయన చూసుకున్న గుర్తులు. తప్పే గానీ, ఈకలూ ఎగరడమూ చూసి కాక శరీరం చూసి తీర్పు చెప్పాడు కదా, అది నాకు నచ్చుతుంది. తర్వాత జర్మనీకి చెందిన బ్లూమెన్‌బాఖ్ 1779లో వీటికి వేరే క్రమం ఏర్పరచి 'కైరోప్టెరా' అని పేరు పెట్టాడు. గ్రీకులో 'కైర్' అంటే చెయ్యి, 'టెరాన్' అంటే రెక్క. చెయ్యే రెక్క అయినవి అన్నమాట. ఇప్పటికీ ఆ పేరే వాడుతున్నాం.

మరి "రెక్కలున్న ఎలుక" అంటారే? జర్మన్ భాషలో దాని పేరుకు రెక్కలాడించే ఎలుక అని, ఫ్రెంచిలో బట్టతల ఎలుక అని అర్థం. కానీ డి.ఎన్.ఎ. పరీక్షలు ఈ చుట్టరికాన్ని ఒప్పుకోవు. గబ్బిలాలు గుర్రం, ఆవు, కుక్క, తిమింగలం, అలుగు ఉన్న పెద్ద గుంపులోకి వచ్చాయి. ఎలుకలు మాత్రం కోతులు, మనుషులు ఉన్న గుంపులోకి వచ్చాయి. అంటే ఎలుకకు గబ్బిలం కన్నా మనిషే దగ్గరి చుట్టం! బతుకు తీరులో కూడా పోలిక లేదు. ఎలుక ఈతకు ఎన్నో పిల్లల్ని పెట్టి రెండు మూడేళ్లలో పోతుంది. గబ్బిలం సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే కంటుంది, చాలా ఏళ్లు బతుకుతుంది. సైబీరియాలో ఒక చిన్న గబ్బిలం 41 ఏళ్లు బతికినట్టు నమోదయింది.

ప్రపంచంలో గబ్బిలాల జాతులు 1,400కు పైగా ఉన్నాయి. క్షీరద జాతుల్లో దాదాపు అయిదో వంతు ఇవే. పాత పుస్తకాల్లో వీటిని పండ్లు తినే పెద్దవి మెగాకైరోప్టెరా, పురుగులు తినే చిన్నవి మైక్రోకైరోప్టెరా అని రెండు ఉపక్రమాలు చేశారు. 2000 తర్వాత జన్యువుల ఆధారంగా ఈ విభజన మారింది. చిన్నవాటిలో గుర్రపునాడా ముక్కువి, ఆకుముక్కువి పండ్ల గబ్బిలాలకే దగ్గరివని తేలి, ఆ గుంపుకు యిన్‌టెరోకైరోప్టెరా అనీ, మిగిలినవాటికి యాంగోకైరోప్టెరా అనీ పేర్లు పెట్టారు. పేర్లు నోరు తిరగవు, నిజమే! రక్తం తాగేవి మూడే జాతులు. మూడూ అమెరికా ఖండాలలోనివి, మన దేశంలో ఒక్కటీ లేదు.

తెలుగు చదివినవారికి గబ్బిలం అనగానే గుర్రం జాషువా 1941లో వెలువరించిన కావ్యం గుర్తుకొస్తుంది. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో అడ్డు లేకుండా తిరిగే గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి తన మొర చెప్పి పంపుతాడు. ఇల్లు చొరబడితే అరిష్టమని లోకం తరిమే ప్రాణినే ఆయన దూతగా ఎన్నుకున్నాడు. జంతుశాస్త్రం చదివినవాడిగా ఒక చిన్న మాట. పాత గుళ్లలో ఉండేవి ఎక్కువగా చిన్న గబ్బిలాలే. మర్రి, రావి, చింత చెట్లకు వందల కొద్దీ తలకిందులుగా వేలాడే పెద్దవి గుళ్లలో కాపురముండవు.

వర్గీకరణ అంటే మార్కుల కోసం బట్టీపట్టే పేర్ల పట్టిక అనుకోవద్దు. తమిళనాడులోని హై వేవీ కొండల్లో 1948లో ఒక గబ్బిలం దొరికింది. దాన్ని మామూలు పొట్టిముక్కు పండ్ల గబ్బిలం అనుకుని చీటీ రాసి బొంబాయి మ్యూజియంలో పెట్టారు. ఇరవై నాలుగేళ్లు అలాగే ఉంది. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్త కిట్టి థోంగ్లోంగ్య దాన్ని పరీక్షించి, ఇది కొత్త జాతే కాదు, కొత్త ప్రజాతి అని తేల్చి, మన పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టాడు. అదే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని 5వ షెడ్యూలు హానికర జంతువుల జాబితా. కాకి, ఎలుకలతోపాటు పండ్లు తినే గబ్బిలాలన్నిటినీ అందులో చేర్చారు. ఆ జాబితాలో ఉన్నదాన్ని చంపితే అడిగేవారు లేరు. చాలా అరుదైన సలీం అలీ గబ్బిలాన్ని కాపాడడానికి దాని ఒక్కదాని పేరు విడిగా 1వ షెడ్యూలులో చేర్చవలసి వచ్చింది. 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలై, ఆ 5వ షెడ్యూలు పోయింది. యాభై ఏళ్లు పట్టింది! ఏడాదికి ఒకటో రెండో పిల్లల్ని కనే ప్రాణిని ఎలుకతో ఒకే గాటన కట్టడం ఎంత అన్యాయమో పైన చదివిన లెక్కతోనే మీకు తెలుస్తుంది.

జామతోట, మామిడితోట ఉన్న రైతుకు వీటివల్ల నష్టం ఉన్నమాట కాదనలేం. అయితే ఇప్పచెట్టు పువ్వుల పుప్పొడిని మోసేదీ, దాని గింజల్ని దూరంగా చల్లేదీ ఈ గబ్బిలాలే. చిన్నవి రాత్రంతా దోమల్ని, పంటల పురుగుల్ని తింటాయి.

2018లో కేరళలో నీపా జ్వరం వచ్చినప్పుడు, 2020లో కరోనా వచ్చినప్పుడు చాలాచోట్ల గబ్బిలాలున్న చెట్లు కొట్టేయాలన్నారు. నీపా వైరస్ పెద్ద పండ్ల గబ్బిలాల్లో ఉంటుందన్నది నిజం. అందుకు చెయ్యవలసిన పని వేరు. గబ్బిలం కొరికి పడేసిన జామకాయ, నేరేడుపండు తినకూడదు. చెట్టుకింద దొరికింది కదా అని కడుక్కుని కూడా తినకండి. కిందపడిన గబ్బిలాన్ని చేత్తో పట్టుకోకూడదు. కరిస్తే, గీరితే వెంటనే సబ్బుతో బాగా కడిగి, వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి. చెట్టు మీద రాళ్లు వేస్తే అవి బెదిరి చెదిరిపోతాయి, జబ్బు తగ్గదు.

పొద్దు గూకాక మన హాస్టల్ ఆవరణలోనే గుర్తు పట్టడం నేర్చుకోవచ్చు. కాకి కన్నా పెద్దగా, నిదానంగా రెక్కలాడిస్తూ ఒకే దిక్కుగా పోయేది పెద్ద పండ్ల గబ్బిలం. దాని ముఖం కుక్కపిల్ల ముఖంలా ఉంటుంది, కళ్లు పెద్దవి, చీకట్లో బాగా చూస్తుంది. వీధి దీపం చుట్టూ గిర్రున మలుపులు తిరిగేది పురుగులు తినేది. అది మన చెవికి అందని కీచుధ్వని చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పురుగు ఎక్కడుందో తెలుసుకుంటుంది. డోనాల్డ్ గ్రిఫిన్ ఈ పద్ధతికి 1944లో పేరు పెట్టాడు, మన పుస్తకాల్లో ప్రతిధ్వని స్థాననిర్ణయం అంటారు. దీపం కింద ఓ పది నిమిషాలు నిలబడితే రెండో రకం తప్పకుండా కనిపిస్తుంది.